బ్రాయిలర్ దాణాలో నూనె: ఏది, ఎంత, ఏ వయసులో

సొంతంగా దాణా కలుపుకునే కోళ్ల రైతుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం మీద, కోళ్లు పెంచే రైతుకు దాణా కంపెనీ నుంచే వస్తుంది కాబట్టి, అందులో ఏ నూనె ఉందో, ఎంత ఉందో ఆయన చేతిలో ఉండదు. మీరు సొంత మిక్సర్ పెట్టుకున్నవాళ్లు. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె మీరే కొంటున్నారు, మీరే కలుపుతున్నారు. కాబట్టి లాభం వచ్చినా నష్టం వచ్చినా మీదే. అందుకే ఈ గంటసేపు నూనె గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

చాలా షెడ్లలో ఒక పద్ధతి నడుస్తోంది. దాణా అంతా కలిపేశాక వంద కిలోలకు రెండు కిలోల నూనె పైన పోస్తారు. బరువు బాగా వస్తుందని నమ్మకం. ముందు దీని లెక్క చూద్దాం. మీ దాణాలో ఎనర్జీ కిలోకు 3000 కిలోకేలరీలు, ప్రోటీన్ 21 శాతం అనుకోండి. పైన రెండు కిలోల సోయా నూనె పోస్తే మొత్తం 102 కిలోలు అవుతుంది. ఎనర్జీ 3110 దాటుతుంది. ప్రోటీన్ మాత్రం 20.6కి పడిపోతుంది. అంటే ఒక్కో శాతం ప్రోటీన్‌కు ఇంతకుముందు 143 కిలోకేలరీలు ఉంటే, ఇప్పుడు 151. లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌లోని భాగాలు), కాల్షియం, విటమిన్లు అన్నీ ఇదే పాళ్లలో పలచబడ్డాయి. ఎనర్జీ పెరిగిన దాణాను కోడి కాస్త తక్కువే తింటుంది. తినేదే తగ్గితే, అందులోని ప్రోటీనూ తగ్గితే కండ ఎక్కడినుంచి వస్తుంది? మిగిలిన ఎనర్జీ పొట్టలో కొవ్వుగా పేరుకుంటుంది. మన దగ్గర జనం ఎక్కువగా స్కిన్‌లెస్ అడుగుతారు. పొట్ట కొవ్వు కొట్టువాడి చెత్తబుట్టలోకి పోతుంది. ఆ కొవ్వును తయారు చేయడానికి మీరు నూనె కొన్నారన్నమాట.

కాబట్టి నూనె వేయాలంటే ఫార్ములా మొదటి నుంచీ మళ్ళీ కట్టాలి. లెక్క పెద్ద కష్టమేమీ కాదు. మొక్కజొన్నలో కిలోకు సుమారు 3350, సోయా చెక్కలో 2300, మంచి సోయా నూనెలో 8800 కిలోకేలరీలు అని పెట్టుకోండి. వంద కిలోల దాణాలో ఒక కిలో మొక్కజొన్న తీసి ఒక కిలో నూనె పెడితే, దాణా ఎనర్జీ కిలోకు 54 కిలోకేలరీలు పెరుగుతుంది. అంటే వంద కిలోకేలరీలు పెంచడానికి సుమారు 1.85 కిలోల నూనె కావాలి. తీసేసిన మొక్కజొన్నతోపాటు కొంచెం ప్రోటీన్ పోతుంది. ఎనర్జీ పెంచిన పాళ్లలోనే లైసిన్, మెథియోనిన్ కూడా పెంచాలి. ఎనర్జీ 3 శాతం పెంచితే అమైనో ఆమ్లాలు కూడా 3 శాతం పైకి రావాలి. దీనికి సోయా చెక్క కొంచెం పెంచి, మిగతాది సింథటిక్ లైసిన్, మెథియోనిన్‌తో సరిచేసుకోండి.

ఇక్కడ ఒక సంగతి చూడండి. భారతీయ ప్రమాణాల సంస్థ 2007లో సవరించిన బ్రాయిలర్ దాణా ప్రమాణంలో పిల్లలకు మొదట పెట్టే ప్రీ-స్టార్టర్‌కు 3000, తర్వాతి స్టార్టర్‌కు 3100, చివరి దాణా అయిన ఫినిషర్‌కు 3200 కిలోకేలరీలు ఉండాలని ఉంది. ప్రోటీన్ వరసగా 23, 22, 20 శాతం. మొక్కజొన్న 59, సోయా చెక్క 31, నూనె 6, ఖనిజాలూ విటమిన్లూ మందులూ కలిపి 4 కిలోలు వేస్తేనే ఆ 3200 అందుతుంది. అప్పటికీ ప్రోటీన్ 19.3 దగ్గరే ఆగుతుంది. ఆరు శాతం నూనెను మాష్ (పొడి) దాణాలో కలపడం కష్టం, ఖర్చూ ఎక్కువ. మన వాతావరణంలో ఫినిషర్‌ను 3050 నుంచి 3150 మధ్య ఉంచి, అమైనో ఆమ్లాల పాళ్లు సరిగ్గా చూసుకునే రైతుకు కాగితం మీద 3200 కోసం పాకులాడాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

డబ్బు లెక్క కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఉదాహరణకు మొక్కజొన్న కిలో 24 రూపాయలు, నూనె 110, దాణా సగటున 38 అనుకుందాం. మీ ధరలు వేరుగా ఉంటే అవే వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే. వెయ్యి కిలోకేలరీలు మొక్కజొన్న నుంచి ఏడు రూపాయలకు వస్తే, నూనె నుంచి పన్నెండున్నరకు వస్తాయి. ఎనర్జీ ఖరీదు ఒక్కటే చూస్తే నూనె ఎప్పుడూ ప్రియమే. ఇక ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి కోడి తినే మేత కిలోల సంగతి. 3000 దాణాతో 1.70 వస్తోందనుకోండి. అంటే కిలో బరువుకు 5100 కిలోకేలరీలు. అదే కోడికి 3100 దాణా ఇస్తే, మిగతావన్నీ సరిగ్గా ఉంటే, 1.645 రావాలి. పాత దాణాతో కిలో బరువుకు మేత ఖర్చు 64.60. కొత్త దాణాలో నూనె వల్ల కిలోకు రూపాయి 59 పైసలు పెరిగి 39.59 అవుతుంది. దాన్ని 1.645తో గుణిస్తే 65.13. కిలో కోడికి 53 పైసలు నష్టం! అదే నూనె 90కి దొరికితే 64.52. అంటే ఎనిమిది పైసలు లాభం. ఈ ధరల్లో లాభనష్టాల గీత 92, 93 దగ్గర పడుతుంది. అమైనో ఆమ్లాల ఖర్చు కలిపితే ఇంకొంచెం కిందికి దిగుతుంది. నూనె ధర మారిన ప్రతిసారీ ఈ నాలుగు పంక్తుల లెక్క వేయండి. నూనె మండిపోతున్నప్పుడు దాణాను 2950కి దించి, అమైనో ఆమ్లాలను కూడా అదే పాళ్లలో దించి, కోడిని రెండు రోజులు ఎక్కువ ఉంచుకోవడం తప్పేమీ కాదు.

మరి నూనె ఎందుకు? కారణాలున్నాయి. ఒకటి, లినోలిక్ ఆమ్లం. దీన్ని కోడి శరీరం తయారు చేసుకోలేదు, మేతలోంచే రావాలి, దాణాలో ఒక శాతం కావాలి. మొక్కజొన్న 60 శాతం ఉన్న దాణాలో దాదాపు దాంతోనే సరిపోతుంది. కానీ మొక్కజొన్న ప్రియమైందని నూకలు ఎక్కువ వేసేవాళ్లున్నారు. నూకల్లో కొవ్వు దాదాపు ఉండదు. అలాంటి దాణాలో సోయా నూనె లేదా పొద్దుతిరుగుడు నూనె కొంచెమైనా ఉండి తీరాలి. రెండు, నూనె ఉన్న దాణా పేగులో నెమ్మదిగా కదులుతుంది. పిండిపదార్థం, ప్రోటీన్ అరగడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. మూడు, మాష్ దాణాలో దుమ్ము తగ్గుతుంది, సన్నటి విటమిన్ పొడి కింద జారిపోకుండా పెద్ద రవ్వకు అంటుకుని ఉంటుంది. నాలుగోది ఎండాకాలం. దాని గురించి విడిగా చెబుతాను.

ఇప్పుడు కోడిపిల్ల కడుపు సంగతి. ఈ ఒక్క విషయం అర్థమైతే ఏ నూనె ఎప్పుడు వేయాలో మీకే తెలిసిపోతుంది. కొవ్వు నీటిలో కరగదు. పిత్తరసం దాన్ని సన్నటి బిందువులుగా విడగొట్టాలి, లైపేజ్ అనే ఎంజైము కోయాలి, అప్పుడే పేగు పీల్చుకుంటుంది. మొదటి వారం, పది రోజుల పిల్లలో పిత్తలవణాలు, లైపేజ్ రెండూ తక్కువ. అయినా సోయా, పొద్దుతిరుగుడు, కుసుమ వంటి అసంతృప్త కొవ్వుల నూనెలను పిల్ల కొంతవరకు బాగానే అరిగించుకుంటుంది. పామాయిల్‌లో పామిటిక్ ఆమ్లమే 44 శాతం దాకా ఉంటుంది. ఈ సంతృప్త కొవ్వు పిత్తరసం సాయం లేనిదే కరగదు. అరగకుండా మిగిలిన పామిటిక్ ఆమ్లం పేగులోనే కాల్షియంతో కలిసి సబ్బులా గట్టిపడి రెట్టలో పోతుంది. కొవ్వు పోయింది, దాంతోపాటు కాల్షియమూ పోయింది. రెట్ట జిగటగా, నూనెగా మారి షెడ్డులో పరిచిన ఊక తడుస్తుంది. ఊక తడిస్తే అమ్మోనియా, పాదాల పుండ్లు, కాక్సిడియా (పేగుల జబ్బు) ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చాలామంది దీన్ని నీళ్ల సమస్య అనుకుని నిపుల్స్ మారుస్తుంటారు.

అందుకని మొదటి పది రోజుల ప్రీ-స్టార్టర్‌లో సోయా నూనె ఒకటి, ఒకటిన్నర శాతం చాలు. పామాయిల్ వద్దు, తవుడు నూనె వద్దు, రిఫైనరీ మడ్డి నుంచి తీసే యాసిడ్ ఆయిల్ అసలే వద్దు. 11 నుంచి 21 రోజుల వరకు రెండు నుంచి మూడు శాతం. ఇక్కడ సోయా నూనెలో మూడో వంతు పామాయిల్ లేదా తవుడు నూనె కలపవచ్చు. మూడు వారాలు దాటాక కోడి కడుపు గట్టిపడుతుంది కాబట్టి మూడు నుంచి నాలుగున్నర శాతం వరకు వెళ్లవచ్చు, సగానికి సగం పామాయిల్ వాడవచ్చు. రెండూ కలిపి వాడడంలో ఒక మేలుంది. అసంతృప్త కొవ్వు తోడుంటే పామాయిల్ ఒంటరిగా ఉన్నప్పటికంటే బాగా అరుగుతుంది. లెసిథిన్, లైసోలెసిథిన్ వంటి, కొవ్వును సన్నగా విడగొట్టే ఎమల్సిఫయర్లు కూడా ఇక్కడే పనికొస్తాయి. పామాయిల్ లేదా తవుడు నూనె వాడే దాణాలో వాటికి ఖర్చు పెట్టండి. ఒక శాతం సోయా నూనె ఉన్న దాణాలో ఎమల్సిఫయర్ అవసరం నాకు కనిపించదు.

చివరి వారం గురించి ఒక మాట. కోడి ఏ కొవ్వు తింటే దాని ఒంట్లో దాదాపు ఆ కొవ్వే చేరుతుంది. చివరిదాకా సోయా లేదా పొద్దుతిరుగుడు నూనె బాగా తిన్న కోడి కొవ్వు మెత్తగా, నూనెలా జారుతూ ఉంటుంది. ఫ్రీజర్‌లో ఉంచితే త్వరగా వాసన పట్టుతుంది. అక్కడికక్కడే కోసి అమ్మే కోడికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. ప్రాసెసింగ్ ప్లాంటుకు ఇచ్చేవాళ్లు మాత్రం చివరి పది రోజులు పామాయిల్ పాలు పెంచాలి. ఒమేగా-3 కోడి పేరుతో అవిసె నూనె వేసేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. అవిసె నూనె రెండు శాతం దాటితే మాంసానికి చేపవాసన వచ్చే ప్రమాదం ఉంది, విటమిన్-ఇ గట్టిగా పెంచాలి. నూనె బదులు పచ్చి అవిసె గింజలే దంచి వేస్తే ఇంకో చిక్కు. వాటి జిగురు వల్ల రెట్టలు అంటుకుపోతాయి.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. తవుడు నూనె విషయంలో అసలు సమస్య తవుడులోనే పుడుతుంది. వడ్లు ఆడిన కొన్ని గంటల్లోనే తవుడులోని లైపేజ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్స్ (నూనె విరిగి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) పెరుగుతాయి. తవుడును వెంటనే వేడిచేసి నిలకడ పరిచిన మిల్లు నూనెకూ, వారం గోడౌన్‌లో పడున్న తవుడు నూనెకూ చాలా తేడా. పైగా ముడి తవుడు నూనెలో మైనం, సబ్బుగా మారని పదార్థాలు నాలుగు శాతం దాకా ఉంటాయి. అవి ఎనర్జీ ఇవ్వవు. కాబట్టి ముడి తవుడు నూనెకు 8800 వేసుకోకండి, 8000 వేసుకోండి. యాసిడ్ ఆయిల్ అంటే రిఫైనరీలో మిగిలిన సబ్బు మడ్డిని ఆసిడ్‌తో విరగ్గొట్టి తీసినది. అందులో ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్స్ సగానికి పైగా ఉంటాయి. చవకగా కనిపిస్తుంది కానీ కోడి దాన్ని సరిగ్గా అరిగించుకోలేదు, ఆసిడ్ మిగిలి ఉంటే మిక్సర్‌నే తినేస్తుంది. పత్తి గింజల నూనె రిఫైన్డ్ అయితేనే తీసుకోండి, ముడి నూనెలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది.

ల్యాబ్‌కు పంపితే ఇవి అడగండి. తేమ ఒక శాతం లోపు. మడ్డి ఒక శాతం లోపు. ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్స్ పిల్లల దాణాకు ఐదు శాతం లోపు, ఫినిషర్‌కు పది, పన్నెండు శాతం దాకా. పెరాక్సైడ్ విలువ ఐదు లోపు. ఈ పెరాక్సైడ్ పరీక్షలో ఒక మోసం ఉంది, గుర్తుపెట్టుకోండి. నూనె పాడవడం మొదలైనప్పుడు పెరాక్సైడ్లు పెరుగుతాయి, బాగా పాడయ్యాక అవే విరిగిపోయి విలువ మళ్ళీ తగ్గుతుంది. అంటే బాగా కుళ్లిన నూనెకు కూడా రిపోర్టులో మంచి అంకె రావచ్చు. అందుకే పెరాక్సైడ్లు విరిగాక మిగిలేవాటిని చూపే ఎనిసిడిన్ విలువ కూడా చేయించాలి. ల్యాబ్‌కు పంపలేని రోజు ఇంటి దగ్గరే రెండు పనులు చేయండి. గాజు సీసాలో నూనె పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి, తెల్లారి అడుగున నీరు, మడ్డి ఎంత దిగిందో కనిపిస్తుంది. ఒక గరిటెడు నూనె బాణలిలో వేడిచేయండి, చిటపటలాడితే నీరుంది. ఘాటైన వాసన, గొంతులో మంట తెచ్చే పొగ వస్తే తిప్పి పంపేయండి.

పాడైన నూనె కోడిని ఏం చేస్తుంది? మేత తగ్గిస్తుంది. దాణాలోని విటమిన్-ఇ, ఎ కూడా ఆక్సీకరణలో ఖర్చయిపోతాయి. రెండు, నాలుగు వారాల వయసులో పిల్లలు తడబడుతూ, మెడ వెనక్కి వాల్చి, కాళ్లు చాచి పడిపోతే చాలామంది వెంటనే కొక్కెర తెగులు (రాణీఖెత్) అంటారు. వ్యాక్సిన్ మీద వ్యాక్సిన్ వేస్తారు. కోసి చూస్తే చిన్నమెదడు మెత్తబడి, రక్తపు చుక్కలతో కనిపిస్తే అది విటమిన్-ఇ లోపం. అసంతృప్త నూనె పెంచి విటమిన్-ఇ పెంచకపోతే, లేదా పాడైన నూనె వేస్తే ఇది వస్తుంది. లెక్క సులభం. ఒక గ్రాము లినోలిక్ ఆమ్లానికి 0.6 మిల్లీగ్రాముల విటమిన్-ఇ. మూడు శాతం సోయా నూనె అంటే కిలో దాణాలో 30 గ్రాముల నూనె, అందులో 16 గ్రాములు లినోలిక్. కాబట్టి కిలో దాణాకు మామూలుగా ఇచ్చేదానిపైన మరో 10 మిల్లీగ్రాములు. సోయా నూనెలో విటమిన్-ఇ ఉంది కదా అంటారు. అందులో ఎక్కువ భాగం గామా రకం, కోడికి దాని ఉపయోగం చాలా తక్కువ.

కలపడం దగ్గర జరిగే తప్పులు ఎక్కువ. రిబ్బన్ మిక్సర్ ఉన్నవాళ్లు ముందు పొడి సరుకంతా రెండు, మూడు నిమిషాలు తిప్పాలి. ఆ తర్వాతే నూనెను సన్నని జల్లుగా ఒకటి, రెండు నిమిషాలపాటు కొట్టాలి. మళ్ళీ మూడు నిమిషాలు తిప్పాలి. ప్రీమిక్స్ (విటమిన్లు, మందుల పొడి) కలవకముందే నూనె పడితే ఆ పొడి ముద్దలు కడుతుంది, ఒక బస్తాలో మందు రెట్టింపు, ఇంకో బస్తాలో సున్నా. బకెట్‌తో ఒకేచోట గుమ్మరించినా ఇదే గతి. పామాయిల్‌ను 50, 60 డిగ్రీలకు వేడిచేసి కొట్టండి, చలికాలం పొద్దున చల్లగా పోస్తే మైనం ముక్కల్లా ఉండిపోతుంది. నిలువు మిక్సర్‌లో రెండు శాతానికి మించి నూనె సరిగ్గా కలవదు. అది మాత్రమే ఉన్నవాళ్లు 15 కిలోల నూనెను వంద కిలోల సోయా చెక్కలో ముందే చేత్తో రుద్ది, ముద్దలు జల్లించి, ఆ చెక్కను మిక్సర్‌లో వేసుకోండి. పెల్లెట్ (గుళిక దాణా) కొట్టేవాళ్లు మిక్సర్‌లో రెండు శాతం దాటకండి, పెల్లెట్ విరిగిపోతుంది. మిగతా నూనె పెల్లెట్ చల్లారాక పైన కొట్టాలి.

డ్రమ్ములు నీడన ఉంచండి, మూత బిగించండి. ఇత్తడి, రాగి పంపులు, కొళాయిలు వాడకండి, రాగి తగిలితే నూనె త్వరగా చెడుతుంది. దాణాలో కాపర్ సల్ఫేట్ వేసేవాళ్లకు కూడా ఇదే హెచ్చరిక. పాత నూనె అడుగున ఉండగా కొత్తది దానిపైన పోయవద్దు, డ్రమ్ము కడిగి ఆరబెట్టాకే నింపండి. బీహెచ్‌టీ వంటి యాంటీ ఆక్సిడెంట్ నూనె తాజాగా ఉన్నప్పుడే కలపాలి, పాడయ్యాక కలిపితే పాడైనది బాగుపడదు. నూనె కలిపిన దాణా ఎండాకాలంలో వారం, పది రోజుల్లో అయిపోయేలా కలుపుకోండి.

ఎండాకాలం విషయం చెబుతానన్నాను. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ప్రోటీన్ అరిగితే ఎక్కువ, పిండిపదార్థానికి దానికంటే తక్కువ, కొవ్వుకు అన్నిటికంటే తక్కువ. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు కోడి మేత మానేసి నోరు తెరిచి రొప్పుతుంది. అప్పుడు మొక్కజొన్న ఎనర్జీలో కొంత నూనెకు మారిస్తే, తిన్న కొద్దిపాటి మేతలోనే ఎనర్జీ అందుతుంది, లోపల వేడీ తక్కువ పుడుతుంది. ఇందాక చెప్పిన 92 రూపాయల గీతను ఈ రెండు నెలలు పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే అక్కడ పోయేది ఎఫ్‌సీఆర్ మాత్రమే కాదు, కోళ్లే. ఫినిషర్‌లో ఒక శాతం అదనంగా వేయండి. సోయా చెక్క పెంచి ప్రోటీన్ ఎక్కించకుండా, సింథటిక్ లైసిన్, మెథియోనిన్‌తో సరిచేయండి. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు మేత ఎత్తేసి, చల్లబడ్డాక పెట్టండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

సార్, హోటళ్లలో వాడేసిన నూనె సగం ధరకే ఇస్తున్నారు. మూడు వారాలు దాటిన కోళ్లకు వేయొచ్చా?

వేయకండి. పదేపదే మరిగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు పేరుకుంటాయి. మనుషులు తినే నూనెలోనే అవి 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. ఆ నూనె బయోడీజిల్‌కు వెళ్లాలి. ఇంకా పెద్ద భయం అందులో ఇంకేం కలిసిందో తెలియకపోవడం. 1999లో బెల్జియంలో దాణా తయారీకి వాడే కొవ్వులో పీసీబీలనే విష రసాయనాలున్న ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిసింది, దాని ద్వారా డయాక్సిన్లనే విషాలు కోళ్లలోకీ గుడ్లలోకీ వెళ్లాయి. దేశమంతటా కోడిమాంసం, గుడ్లు దుకాణాల నుంచి తీసేయాల్సి వచ్చింది. ఎవరి డ్రమ్ములోంచి వచ్చిందో చెప్పలేని నూనెను మనుషులు తినే కోడికి పెట్టకూడదు.

నూనె కొనే బదులు సోయా గింజలే వేయించి వేస్తే?

మంచి ఆలోచన, కానీ వేయించడం సరిగ్గా రావాలి. సోయా గింజలో నూనె 18, 19 శాతం ఉంటుంది. పది కిలోల గింజల నుంచి దాదాపు 1.8 కిలోల నూనె, మూడున్నర కిలోలకు పైగా ప్రోటీన్ వస్తాయి. గింజ లోపలే ఉండే నూనె కాబట్టి త్వరగా పాడవదు, ముద్దలు కట్టదు, నిలువు మిక్సర్ ఉన్నవాళ్లకు చాలా అనువు. పచ్చి గింజలో మాత్రం ట్రిప్సిన్ ఇన్హిబిటర్ ఉంటుంది, ప్రోటీన్‌ను అరగనివ్వదు, క్లోమం ఉబ్బుతుంది, పిల్ల ఎదగదు. వేయించినది సరిపోయిందో లేదో యూరియేజ్ అనే ఎంజైము పరీక్షతో తెలుస్తుంది, పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.2 మధ్య ఉండాలి. ఎక్కువ వస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. సున్నా దగ్గరికి వస్తే మాడిందేమోనని అనుమానించాలి, మాడితే లైసిన్ పోతుంది. మొదటి పది రోజులు వేయకండి. తర్వాత వందకు ఐదు కిలోలతో మొదలుపెట్టి, ఫినిషర్‌లో పది, పన్నెండు దాకా వెళ్లండి. అంత మేరకు సోయా చెక్కనూ నూనెనూ లెక్కలోంచి తగ్గించడం మర్చిపోకండి.